వీణకు గొంతు నిచ్చిన చిట్టిబాబు

తీగను మీటగనే నాదము పుట్టును. పుట్టిన మరుక్షణమునుండియే తగ్గిపోవుచుండును. గాయకునకు ఈ చిక్కు లేదు. ఊపిరి యున్నంతవఱకు అతడు స్వరమును నిలుపగలడు, పెంచగలడు, తగ్గింపగలడు. వేణువు, సన్నాయి వాయించువారికిని ఊపిరియే ఆధారము. ఊపిరి లేని వీణ పాడుట యెట్లు? చిట్టిబాబు ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను.

అతడు 1936వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన కాకినాడలో జన్మించెను. తండ్రి చల్లపల్లి రంగారావు, తల్లి సుందరమ్మ. వారు మొదట పెట్టిన పేరు హనుమాన్లు. ముద్దుపేరే తుదకు స్థిరపడెను. ఐదేండ్ల ప్రాయమున ఒకనాడు తండ్రి వీణ వాయించుచు ఒక స్వరము తప్పగా, ఆ పసివాడు వెంటనే గుర్తించి సరిదిద్దెను. వ్రేళ్ళకంటె ముందు చెవి నేర్చినదన్నమాట! తండ్రి పరమానందభరితుడై కుమారునకు శిక్షణ ప్రారంభించెను. పండ్రవాడ ఉప్పలయ్యగారు, ఈయుణ్ణి అప్పలాచార్యులుగారు తొలిగురువులు. పండ్రెండవ యేట మొదటి కచేరి జరిగెను.

1948లో తండ్రితో మదరాసు చేరి, ‘లైలా మజ్నూ’ చిత్రమున బాలనటుడుగా కనిపించెను. వెండితెర అతనిని నిలుపుకొనలేదు. ద్రాక్షారామమున పుట్టిన వైణికశిఖామణి ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడయ్యెను. ఆ గురువు వీణను గాత్రమువలె పలికించుటలో దిట్ట.

వీణకు ఇరువదినాలుగు మెట్లు, వాయించుటకు నాలుగు తీగలు, తాళమునకు మూడు తీగలు. పాటలోని అక్షరమక్షరమునకు మీటు వేయుట వాడుక. అట్లు మీటినచో సాహిత్యము తెలియును గాని, మీటు చప్పుడు మాటిమాటికి అడ్డుపడును. ఒక్క మీటుతో నాదమును పుట్టించి, అది ఆరిపోకమున్నే ఎడమచేతి వ్రేలితో తీగను మెట్టుపై ప్రక్కకు లాగినచో, రెండు మూడు స్వరములు ఒకే ఊపిరిలో పాడినట్లు జాలువారును. లాగుట వెండ్రుకవాసి హెచ్చినను స్వరము చెడును. ఎంత లాగవలెనో కన్ను చెప్పజాలదు. పాడువారిని వినివిని పండిన చెవియే చెప్పవలెను.

సినిమా వాద్యబృందములలో వీణ వాయించినపుడును అతని చెవి గాయకుల పోకడలను విడువలేదు. 1964లో వెలువడిన ‘కలైక్కోయిల్’ అను తమిళ చిత్రమున కథానాయకుడు వైణికుడు. తెరపై వినవచ్చు వీణ చిట్టిబాబుది. వేదఘోషయొక్క గాంభీర్యమును, కోకిలకూతయొక్క సౌకుమార్యమును అతడు ఆ తీగలపైననే పలికించెను. ఇట్టివి శాస్త్రమర్యాదకు తగవని పెదవి విరిచినవారు లేకపోలేదు. కాని కచేరియన్న దూరముగా పోవు సామాన్యులను వీణచెంతకు రప్పించినది ఆ కోకిలయే.

1990లో సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. 1996వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన, ఏబదితొమ్మిదవ యేట, అతడు మదరాసులో కన్నుమూసెను. అతని కోకిల నేటికిని రికార్డులలో కూయుచునే యున్నది.