రఘునాథ నాయకుని వీణ

హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవువారికి నడుమ పెనుకొండ తగులును. అది బండలతో నిండిన పెద్ద కొండ. దాని మీదను చుట్టును శిథిలమైన కోటగోడలును, క్రింద ఊరిలో గగనమహలు అను రాతిమేడయు నేటికిని కనబడుచున్నవి. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట తిరుమలరాయలు తన రాజధానిని ఈ కొండ నీడకు తరలించెను. 1586లో సింహాసనమెక్కిన వేంకటపతిరాయలును మొదట ఇచ్చటనుండియే రాజ్యమేలెను. గోల్కొండ సేనలు పెనుకొండపై పలుమారు వచ్చి పడుచుండెను. అట్టి యాపదలో రాయలకు తోడుగా దక్షిణమున కావేరీ తీరమునుండి ఒక సేన వచ్చెను. దానికి నాయకుడు తంజావూరి యువరాజు, ఇంకను మీసకట్టు గట్టిపడని వయసువాడు. అతని పేరు రఘునాథుడు. శత్రువులను తరిమినవాడని అతనిని ఆస్థానకవులు మిక్కిలిగా కొనియాడిరి. కవుల పొగడ్తలో కొంత తీసివేసినను, అతడు పెనుకొండకు వచ్చి రాయల మెప్పు పొందెననుట నిజము. రాయల చెరలోనున్న సెంజి ప్రభువు కృష్ణప్ప నాయకుడు అతని ప్రార్థనపైననే విడుదల పొందెను. గెలిచినవాడు తనకై ధనము గాని భూమి గాని కోరక ఒక బందీ విడుదలను కోరుట చెప్పుకొనదగిన విషయము.

ఈ రఘునాథుడు నేడు మన నోళ్లలో నిలిచియుండుటకు కారణము కత్తి కాదు, వీణ.

తంజావూరి నాయకులు తెలుగువారు. రఘునాథుని తాత సేవప్ప నాయకుడు. సేవప్ప భార్య మూర్తిమాంబ విజయనగర ప్రభువైన అచ్యుతరాయల రాణికి సోదరి. ఆ బాంధవ్యముతోనే తంజావూరు సీమ సేవప్ప పాలనకు వచ్చెను. అతని కుమారుడు అచ్యుతప్ప నాయకుడు, అచ్యుతప్ప కుమారుడు రఘునాథుడు. చుట్టును తమిళము మాటలాడు ప్రజలున్నను ఆ కొలువున తెలుగు కావ్యములు పుట్టి పెరిగెను. తాతకును తండ్రికిని మనుమనికిని ముగ్గురికిని మంత్రిగా నుండినవాడు గోవింద దీక్షితుడు. అతడు రాజకార్యములందెంత నేర్పరియో సంగీతశాస్త్రమందును అంతటి పండితుడు. రఘునాథునకు గురువును అతడే.

అచ్యుతరాయల పేరు వచ్చినది గనుక ఒక సంగతి తలచుకొనవలెను. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలోని వీరభద్రాలయము ఆ రాయల కాలమునాటిది. పెనుకొండలో ఉద్యోగిగా నుండిన విరూపణ్ణ దానిని కట్టించెను. అచ్చటి నాట్యమండప స్తంభములపై రంభ ఆడుచుండగా తుంబురుడు వీణ మీటుచుండును. విజయనగరమున వీణకు అంతటి గౌరవముండెను. రామామాత్యుడను పండితుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి అను గ్రంథమున వీణారకములను వివరించుచు, వానిలో ఒకదానికి అచ్యుతరాయల పేరే పెట్టెను. వాద్యమును చక్కబరచిన ప్రభువు పేరు వాద్యమునకు నిలుచుట ఆనాటికే ఆచారమైయుండెను.

ఇక వీణలోని చిక్కేమో తెలిసికొనవలెను. అది తెలియనిదే రఘునాథుడు చేసిన పని గొప్పతనము తెలియదు.

పనసకొయ్యతో చేసిన బుఱ్ఱ, దానికి అతికిన పొడవైన దండి, చివర యాళిముఖము, బిరడాలకు చుట్టి బిగించిన తీగలు, తీగలను మోయు గుఱ్ఱము; వీణను చూచినవారికి మొదట కనబడునవి ఇవియే. కాని స్వరమునకు చోటు చూపునవి దండిపైనున్న మెట్లు. తీగను మెట్టుపై నొక్కి మీటినప్పుడు తీగ పొడవు తగ్గి, ఆ మేరకు స్వరము హెచ్చును. పొడవు సగమైనచో అదే స్వరము పై స్థాయిలో పలుకును. షడ్జమునుండి పై షడ్జము వరకు 12 స్వరస్థానములు కలవు. షడ్జ పంచమములు కదలవు. రిషభ గాంధార మధ్యమ ధైవత నిషాదములు మాత్రము రాగమును బట్టి హెచ్చుచు తగ్గుచునుండును.

పూర్వపు వీణలు పెక్కింటిలో ఒక రాగమునకు వలసిన మెట్లే ఉండెడివి. ఆ రాగము ముగించి వేరొక రాగము వాయింపవలెనన్నచో వైణికుడు మెట్లను కదల్చి, మరల చెవితో సరిచూచుకొనవలెను. సభ కాచుకొనియుండును, రాజు కాచుకొనియుండును, మెట్టు వెండ్రుకవాసి తప్పినను అపశ్రుతి పలుకును. వీణ సిద్ధమగు వేళకు మనసులోని రాగభావము చల్లారిపోవుటయు కలదు. ఒక్కొక్క రాగమునకు ఒక్కొక్క వీణ ఉంచుకొనుట ధనికులకే చెల్లును. అన్ని రాగములకును పనికివచ్చునట్లు మెట్లు అమర్చు పద్ధతిని రామామాత్యుడును చెప్పియున్నాడు గాని, అప్పటికింకను రెండు పద్ధతులును ప్రక్కప్రక్కనే నడచుచుండెను.

రఘునాథుడు 1600 ప్రాంతమున తండ్రి ఉండగనే రాజ్యభారము వహించెను. కాని వీణను ఒడిలో పెట్టుకొని కూర్చుండుటకు కాలము అతనికి చాలకాలము ఒదవలేదు. 1614లో వేంకటపతిరాయలు మరణించెను. జగ్గరాయడను సామంతుడు కొత్తగా పట్టమెక్కిన శ్రీరంగరాయలను సకుటుంబముగా చెరబట్టి చంపించెను. ఆ కుటుంబమున ఒక్క బాలుడు, రామదేవుడు, మిగిలెను. వెలుగోటి యాచమనాయకుడు అతనిని చెరనుండి రహస్యముగా తప్పించి కాపాడెను. మధుర, సెంజి నాయకులు జగ్గరాయని ప్రక్కన చేరిరి. రఘునాథుడు బాలుని పక్షమున నిలిచెను. ఇరుగుపొరుగు ప్రభువులిద్దరును ఎదిరిపక్షమున నున్నప్పుడు ఇట్లు నిలుచుట సామాన్యమైన తెగువ కాదు. 1616లో కావేరీ తీరమున తోపూరు వద్ద ఘోరయుద్ధము జరిగెను. జగ్గరాయడు హతుడయ్యెను. రామదేవరాయలు పట్టము కట్టుకొనెను. ఆ పిమ్మట, 1620లో, సముద్రము దాటి వచ్చిన డేనులకు తరంగంబాడిలో వర్తకము చేసికొనుటకు అనుమతి నిచ్చినవాడును రఘునాథుడే.

ఇన్ని చిక్కుల నడుమనే అతని కొలువున వీణ రూపు మారెను. దండిపై ఒక్కొక్క స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు కదలకుండ నిలుపబడినవి. ఇక ఏ రాగమునకైనను మెట్టు జరుపనక్కరలేదు. కావలసిన మెట్లపై వ్రేళ్లు పోవును. అక్కరలేని మెట్లు ఊరక యుండును. సంగీతసుధ అను గ్రంథమున ఈ వీణకు రఘునాథేంద్రమేళవీణ అని పేరు.

చెప్పుటకు సులభముగా నున్నను అమర్చుట సులభము కాదు. 80 సెంటీమీటర్ల తీగనుకొందము. 12వ మెట్టు సరిగా సగమున, 40 సెంటీమీటర్ల చోట నుండవలెను. 24వ మెట్టు వద్ద పలుకు తీగ 20 సెంటీమీటర్లే. మొదటి మెట్టునకు విడువవలసిన ఎడము సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు కాగా, కడపటి రెండు మెట్ల నడిమి ఎడము ఒక సెంటీమీటరునకు కొంచెము మాత్రమే ఎక్కువ. పైకి పోయినకొలది మెట్లు దగ్గరపడుచుండును; దగ్గరపడినకొలది పొరపాటునకు చోటు తగ్గును. అందును మెట్టు ఒక్క తీగకు కుదిరిన చాలదు. సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అను నాలుగు తీగలక్రిందను అదే మెట్టు సరిగా పలుకవలెను. ఇంత లెక్కయున్నను, కడకు తీర్పు చెప్పునది కొలబద్ద కాదు, చెవి.

ఇట్టి చిక్కే మూడువందల యేబది సంవత్సరములకు తరువాత వేరొక ఖండమున వేరొక వాద్యమునకు వచ్చుట వింత. 1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్ అను ఇంజనీరు విద్యుత్తుతో నాదము పుట్టించు వాద్యమును నిర్మించెను. దానిని సింథసైజరు అందురు. అది వేర్వేరు పెట్టెల కూర్పు. ఒక పెట్టె నాదమును పుట్టించును. ఒకటి అందులోని కొన్ని అంశములను వడగట్టును. మరొకటి ధ్వనిని హెచ్చించును, తగ్గించును. వైణికునకు తీగ పొడవెట్లో ఆ యంత్రమునకు విద్యుత్పీడనము అట్లు. ఒక వోల్టు పెంచినచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. పెట్టెలను ఒకదానితో నొకటి తీగలు గ్రుచ్చి కలుపవలెను. ఏ పెట్టెను దేనితో కలిపిన ఏ ధ్వని పుట్టునో వాయించువాడే కనుగొనవలెను. 1969లో అట్టి యంత్రమొకటి అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకును వచ్చెను. అయితే ఒక ధ్వని ముగించి మరొకటి కావలెనన్నచో గ్రుచ్చిన తీగలను పీకి మరల గ్రుచ్చవలెను. మెట్లు కదల్చుకొను వైణికుని అవస్థ ఇదియే కదా! 1970లో మోగ్ సంస్థవారు ముఖ్యమైన కలయికలను లోపలనే స్థిరముగా బిగించి మినీమోగ్ అను చిన్న వాద్యమును చేసిరి. అది సులభముగా కచేరీ వేదికల నెక్కెను.

స్థిరము చేసినప్పుడు లాభముతోపాటు నష్టమును కలదు. మోగ్ చిన్న వాద్యమున ఇష్టమైన కలయికలన్నియు సాగవు. రఘునాథుని వీణయందును అంతే. ఒక రాగము కొరకే జరిపిన మెట్టు ఆ రాగమునకు అతికినట్లు పలుకును. అన్ని రాగములకును నిలిపిన మెట్టు అందరితోను కొంత సర్దుకొనవలెను. మన వైణికులు ఈ లోటును వ్రేలితో తీర్చుకొనిరి. మెట్టుపై తీగను ప్రక్కకు లాగినచో స్వరము పైకి సాగును. ఒక మెట్టుపైనుండియే రెండు మూడు స్వరములను పలికించు నేర్పు కలదు. మెట్టు కదలదు గాని స్వరము కదలును. గమకములు ఇంపుగా పలుకుటకు ఈ వీణ అనువైనది.

ఈ వీణ ఘనత ఎవరిదను ప్రశ్న ఒకటి కలదు. సంగీతసుధ రఘునాథుని పేర వెలసినది. కాని గోవింద దీక్షితుని కుమారుడు వేంకటమఖి తన చతుర్దండీప్రకాశికలో ఆ గ్రంథము తన తండ్రి రచనయే అని చెప్పెను. కొడుకు మాటను త్రోసివేయుటకు కారణము కనబడదు. అట్లని రాజు కేవలము పేరు నిచ్చినవాడే అనుటయు న్యాయము కాదు. రఘునాథుడు స్వయముగా వైణికుడు. జయంతసేన అను రాగమును, రామానందమను తాళమును కల్పించెనని అతని ఆస్థానకవి యజ్ఞనారాయణ దీక్షితుడు వ్రాసెను. శాస్త్రము తెలిసిన మంత్రియు, చేయి తిరిగిన రాజును, ఉలి పట్టిన వడ్రంగియు కలిసినప్పుడే అట్టి వాద్యము పుట్టును. మువ్వురిలో వడ్రంగి పేరు మాత్రము ఏ గ్రంథమునను కానరాదు.

రఘునాథుడు తెలుగున వాల్మీకిచరిత్రము, శృంగారసావిత్రి మున్నగు కావ్యములను, రామాయణమును రచించెను. చేమకూర వేంకటకవి తన విజయవిలాసమును అంకితమిచ్చినది ఇతనికే. ఆ కొలువున స్త్రీలును కవులై యుండిరి. రామభద్రాంబ రఘునాథుని చరిత్రమును సంస్కృతమున కావ్యముగా వ్రాసెను. మధురవాణి అతని తెలుగు రామాయణమును సంస్కృతము చేసెను.

మెట్లు స్థిరపడినందున కలిగిన ఫలములలో మిక్కిలి గొప్పది అతని తరువాతనే వచ్చినది. దండిపై 12 స్థానములును ఎప్పుడును కనులయెదుట నుండుటచే, వానితో ఎన్ని మేళములు కట్టవచ్చునో లెక్కింపవచ్చును. రిషభ గాంధారములు కలియు విధములు 6, ధైవత నిషాదములు కలియు విధములు 6, మధ్యమములు 2. ఆరును ఆరుతో హెచ్చవేసి రెట్టింపు చేసిన 72. రఘునాథుని కుమారుడైన విజయరాఘవ నాయకుని కాలమున వేంకటమఖి ఈ లెక్కను గ్రంథస్థము చేసెను. ఆనాడు వాడుకలోనున్న మేళములు 19 మాత్రమే. తక్కినవి ఎవరును పాడనివి, విననివి. పుట్టబోవు రాగములకు ముందుగానే చోట్లు కట్టియుంచినట్లయ్యెను.

రఘునాథుడు 1634 ప్రాంతమున గతించెను. 1673లో మధుర సేనలు తంజావూరిపై పడినప్పుడు వృద్ధుడైన విజయరాఘవుడు పోరాడి మడిసెను. నాయకరాజ్యము అంతరించెను. అటుపిమ్మట తంజావూరు మహారాష్ట్రుల పాలయ్యెను. తరువాత ఆంగ్లేయుల పాలయ్యెను. వీణకు మాత్రము ఆ 24 మెట్లే నిలిచినవి. తంజావూరు వీణకును, గొల్లపల్లిలో ఒకే పనసమ్రానునుండి తొలిచి చేయు బొబ్బిలి వీణకును మెట్ల సంఖ్య అదియే.

నేటికిని వీణ చేయువారు కొయ్యపని అంతయు ముగిసిన పిమ్మట, మైనమున నల్లని పొడి కలిపి దండికి ఇరుప్రక్కల గట్టుగా పోసి, దానిపై మెట్లను ఒక్కొక్కటిగా నిలుపుదురు. దీనిని మేళము కట్టుట అందురు. మైనము మెత్తగా నుండగనే మెట్టును కొంచెము ఇటు జరిపి, అటు జరిపి, తీగ మీటి విందురు. మరల జరుపుదురు, మరల విందురు. 24వ మెట్టు వరకు పని ఇట్లే సాగును. మైనము గట్టిపడిన తరువాత ఇక జరుపుట యుండదు.