ఆరు చుక్కలు

లిఫ్ట్ బటన్ల పక్కన, ఏటీఎం మీటల మీద ఉబ్బెత్తు చుక్కలు మనందరం చూసే ఉంటాం. వాటిని కనిపెట్టేనాటికి లూయీ బ్రెయిల్‌కి పదిహేనేళ్ళు. మన లెక్కలో టెన్త్ పిల్లాడు.

1809 జనవరి 4న పారిస్ దగ్గర కూప్వ్రే అనే ఊళ్ళో పుట్టాడు. నాన్న గుర్రాల జీనులు కుట్టేవాడు. మూడేళ్ళప్పుడు నాన్న కొట్లో ఆడుకుంటుంటే, తోలుకి కన్నాలు పొడిచే పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి, ఐదేళ్ళకల్లా చూపు మొత్తం పోయింది.

పదేళ్ళకి పారిస్‌లో అంధుల బడిలో చేరాడు. అక్కడ పుస్తకాలు ఉండేవి, కానీ మామూలు అక్షరాల్నే పెద్దగా, ఉబ్బెత్తుగా అచ్చొత్తినవి. బరువెక్కువ, ఖర్చెక్కువ. పైగా తడిమి చదవడమే తప్ప తిరిగి రాయడం కుదరదు. మన భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ ఉంది, ఇన్‌పుట్ లేదు.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తయారుచేసిన చుక్కల పద్ధతి ఆ బడికి వచ్చింది. అందులో ఒక్కో గుర్తుకి పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలికొనకి ఒకేసారి అందవు. లూయీ వాటిని ఆరుకి తగ్గించాడు. ఆరు బిట్లు, 64 కాంబినేషన్లు, ఖాళీది తీసేస్తే 63. అక్షరాలు, అంకెలు, సంగీతం కూడా వాటిలోనే ఇమిడిపోయాయి. 1829లో పుస్తకంగా తెచ్చాడు. రాయడానికి కావలసింది ఒక చట్రం, పొడవడానికి ఒక మొన, కాస్త దళసరి కాగితం. అంతే.

అక్కడితో ఆగలేదు. చూపున్నవాళ్ళకి ఉత్తరం రాయడమెలా? 1839లో మామూలు అక్షరాల్నే చుక్కలతో గీసే పద్ధతి కనిపెట్టాడు. అంధుడైన స్నేహితుడు పియెర్ ఫూకో దానికి ఒక యంత్రం చేశాడు. మన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి ముత్తాత అనుకోవచ్చు.

ఆ బడిలోనే టీచరయ్యాడు. అయినా అక్కడే కొన్నాళ్ళు ఆయన లిపిని వాడనివ్వలేదు. పిల్లలు మాత్రం చాటుగా వాడుతూనే ఉన్నారు. ఆయన 1852 జనవరి 6న క్షయతో పోయాడు. బడి ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. మన తెలుగు కూడా భారతి బ్రెయిల్ రూపంలో ఆ ఆరు చుక్కల్లోనే ఉంది.

ఇప్పుడు ఆ చుక్కల్ని పైకీ కిందకీ కదిలించే బ్రెయిల్ డిస్‌ప్లే చాలాసార్లు లాప్‌టాప్ కన్నా ఖరీదు. కానీ తెరని చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం, అదీ ఇద్దరు అంధులు మొదలుపెట్టిందే. దాన్ని వేసుకుని, మౌస్ పక్కన పెట్టి, తెర ఆపేసి, మన మినీ ప్రాజెక్ట్‌లో లాగిన్ అవ్వగలమేమో చూద్దాం. పేరు పెట్టని బటన్ దగ్గర అది ఉత్తినే బటన్ అని చదివి ఊరుకుంటుంది. ఆ పేరు పెట్టడానికి మనకి పట్టేది ఒక్క లైను.