గాలిని కొలిచిన డాక్టర్

పెళ్లి రిసెప్షన్‌లో కొత్త జంట మబ్బుల్లోంచి నడిచొస్తుంది. కాలేజీ ఫెస్ట్‌లో శివతాండవం మొదలవగానే స్టేజ్ మీద మోకాళ్ల దాకా తెల్లటి పొగ కమ్ముకుంటుంది. వేడినీళ్ల డ్రమ్ములో డ్రై ఐస్ ముక్కలు వేస్తే వచ్చే పొగ అది. మనకి కనిపించే ఆ తెలుపు కార్బన్ డయాక్సైడ్ కాదు, చల్లబడి చుక్కలైన నీటి ఆవిరి. అసలు గ్యాస్ కంటికి కనిపించదు. పొగ విడిపోయాక కూడా అది అక్కడే ఉండొచ్చు. ఆ కనిపించని గ్యాస్ మనిషిని ఏం చేస్తుందో, డ్రై ఐస్ బజారులోకి రాకముందే తన ఒంటి మీదే పరీక్షించి తేల్చిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు జాన్ స్కాట్ హాల్డేన్.

1860లో ఎడిన్‌బరోలో పుట్టారు. అక్కడే 1884లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. ప్రాక్టీస్ పెట్టుకుని హాయిగా ఉండొచ్చు కదా, ఉండలేదు. డండీలో ఉద్యోగంలో చేరి, అర్ధరాత్రి దాటాక పేదల ఒంటిగది ఇళ్ల తలుపులు తట్టి, లోపల అందరూ నిద్రపోతుండగా సీసాల్లో గాలి పట్టుకునేవారు. పగలు తలుపులు తీశాక కొలిస్తే నిజం తెలియదు, జనం పీల్చేటప్పుడే కొలవాలి అన్నది ఆయన పద్ధతి. బళ్లలో గాలి, మురుగు కాలువల్లో గాలి, ఏదీ వదల్లేదు.

ఆ రోజుల్లో ఒక నమ్మకం ఉండేది. జనం కిక్కిరిసిన గదిలో ఉక్కిరిబిక్కిరి అవడానికి కారణం, ఊపిరితో పాటు బయటికొచ్చే ఏదో తెలియని విషమని. హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చాక 1892 ప్రాంతంలో లోరెయిన్ స్మిత్‌తో కలిసి గాలి చొరబడని ఒక పెట్టె చేయించి, అందులో గంటల తరబడి కూర్చున్నారు. లోపల కార్బన్ డయాక్సైడ్ 3, 4 శాతానికి చేరేసరికి ఆయాసం మొదలైంది. తర్వాత దాన్ని రసాయనంతో పీల్చేయించి, ఆక్సిజన్‌ని మాత్రం తగ్గనిచ్చారు. ఆక్సిజన్ చాలా కిందికి దిగేదాకా ఆయాసం రాలేదు! తెలియని విషం ఏమీ లేదు. మనల్ని రొప్పించేది కార్బన్ డయాక్సైడే.

1905లో ప్రీస్ట్‌లీతో కలిసి దీన్ని ఇంకా లోతుగా చూశారు. ఊపిరితిత్తుల్లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.2 శాతం పెరిగితే చాలు, శ్వాస రెట్టింపు అవుతుంది. అంటే మన ఊపిరికి స్టీరింగ్ ఆక్సిజన్ చేతిలో కాదు, దీని చేతిలో ఉంది. ఆయన పనులన్నిట్లో నాకు పెద్దదిగా అనిపించేది ఇదే. ఆ కానరీ పిట్టల కథ అందరికీ తెలుసు (1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు తర్వాత చనిపోయినవాళ్లను పరీక్షించి, ఎక్కువమందిని చంపింది మంటలు కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చి, చిన్న ప్రాణులను వెంట తీసుకెళ్లమన్నది ఆయనే). కానీ ఆ పిట్ట కార్బన్ మోనాక్సైడ్ కోసం. ఒక గ్యాస్‌కి పనికొచ్చే హెచ్చరిక ఇంకోదానికి పనికొస్తుందనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

మన స్టేజ్ దగ్గర జరిగేది సరిగ్గా అదే. సేఫ్టీ అనగానే ఆక్సిజన్ మీటర్ ఒకటి తెచ్చి పెడతారు. ఒక చిన్న లెక్క చూడండి. కిలో డ్రై ఐస్ ఆవిరైతే సుమారు 540 లీటర్ల గ్యాస్. పది కిలోలకి 5.4 ఘనపు మీటర్లు. ఇది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పైగా చల్లగా ఉంటుంది, కాబట్టి నీళ్లలా పల్లానికి జారుతుంది. స్టేజ్ ముందు వాద్యబృందం కూర్చునే గుంట 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అనుకుందాం. మొత్తం 60 ఘనపు మీటర్లు. గ్యాస్ అంతా అందులోకే జారి కలిస్తే 9 శాతం. అంత గాలిలో నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. సరే, అందులో మూడింట రెండు వంతులే జారి, 6 శాతం అయిందనుకోండి. అక్కడ ఆక్సిజన్ 20.9 నుంచి 19.6 దగ్గరికి దిగుతుంది. ఆక్సిజన్ మీటర్ అలారం మామూలుగా 19.5 దగ్గర కదా పెట్టేది. మీటర్ నోరు మెదపదు, వయొలిన్ వాయించే మనిషి మాత్రం రొప్పుతుంటాడు.

అందుకే కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచే ఇన్‌ఫ్రారెడ్ మీటర్ కావాలి. అదీ 5,000 పీపీఎం దగ్గర ఆగిపోయే ఇంటి రకం కాదు, కొన్ని శాతాల దాకా చూపించేది. ఎనిమిది గంటల పనికి చాలా దేశాల్లో హద్దు 5,000 పీపీఎం, అంటే అర శాతం. మీటర్‌ని సౌండ్ బాక్స్ మీద పెడితే లాభం లేదు. గుంటలో కూర్చున్నవాళ్ల ముక్కు ఎత్తులో, నేల మీద పడుకుని డ్యాన్స్ చేసే పిల్లల ముక్కు ఎత్తులో పెట్టాలి.

ఎత్తు సంగతి హాల్డేన్‌కి బాగా తెలుసు. కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ పెద్దయ్యాక చెప్పుకున్న జ్ఞాపకం ఒకటుంది. చిన్నప్పుడు తండ్రి తనని గనిలోకి తీసుకెళ్లి, పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలో ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నారట. కాసేపటికే పిల్లాడు కాళ్లు తేలేసి కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగుంది, తేరుకున్నాడు. మీథేన్ తేలిక కాబట్టి సరిపోయింది. అదే కార్బన్ డయాక్సైడ్ అయితే కింద పడినవాడు ఇంకా లోతుకి మునిగినట్టే. (ఏ తండ్రైనా ఇలా చేస్తాడా అంటే, ఈయన ముందు తన మీదే చేసుకునేవారు మరి.)

బ్రిటిష్ నేవీ డైవర్లు లోతుకి వెళ్లగానే ఎందుకు అలిసిపోతున్నారని అడిగితే, హెల్మెట్‌లోని గాలి కొలిచి చూశారు. అక్కడా ఇదే గ్యాస్! పంపు చాలినంత గాలి ఇవ్వట్లేదు. లోతు పెరిగేకొద్దీ గాలి ఎంత పెంచాలో లెక్కకట్టి ఇచ్చారు. డైవర్లు మెట్లుమెట్లుగా ఆగుతూ పైకి రావాలనే పట్టికలు 1908లో వచ్చాయి, వాటికోసం మేకల మీద ప్రయోగాలు చేశారు. 1911లో అమెరికాలో పైక్స్ పీక్ శిఖరం ఎక్కారు. 1915లో ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలింది క్లోరిన్ అని చెప్పిన వాళ్లలో ఈయనొకరు. డెబ్బై దాటాక కూడా పర్షియా, ఇరాక్ చమురు కేంద్రాల్లో కార్మికులకు వడదెబ్బ ఎందుకు తగులుతోందో చూడ్డానికి వెళ్లి, తిరిగొచ్చాక 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

డ్రై ఐస్ వ్యాపారం 1920ల్లో అమెరికాలో మొదలైంది. ఆ తర్వాత అది స్టేజ్ ఎక్కింది, హాల్డేన్ కొలతలు మాత్రం వెంట ఎక్కలేదు. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు పార్టీలో, పొగ కోసం నాలుగు గోడల మధ్య ఉన్న ఈత కొలనులో డ్రై ఐస్ వేశారు. ముగ్గురు చనిపోయారు.

తండ్రి పనిని కొడుకు వదల్లేదు. 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది పోయినప్పుడు, మరో నలుగురితో కలిసి మూసిన గదిలో గంటల తరబడి కూర్చుని, లోపల పేరుకునే కార్బన్ డయాక్సైడ్ మనిషిని ఏం చేస్తుందో చూశారు జె.బి.ఎస్. తర్వాత ఇండియా వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మని ముందే రాసిపెట్టారు. అది వచ్చింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. గనిలో ఆంటోనీ ప్రసంగం అప్పజెబుతూ పడిపోయిన ఆ పిల్లాడి అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరిచారు.