నక్షత్రోపాసకుడు వైను బప్పు

హైదరాబాదు నగరమున, బషీర్‌బాగ్ ప్రాంతమందు, 1887లో వెలసిన నిజాం కళాశాల ఎందరో ప్రతిభావంతులను లోకమునకు అర్పించినది. ఆకాశమునే తన పాఠ్యగ్రంథముగా భావించిన మనాలి కల్లాట్ వైను బప్పు ఆ విద్యార్థుల వరుసలోనివారే. మన పనివారు మన కార్ఖానాలో చేసిన దూరదర్శినితో, మన కొండమీదనుండి చుక్కలను చూడవలెనన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల చరిత్రయే ఆయన జీవిత చరిత్ర.

బప్పు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. వారి వంశము కేరళమునందలి తలశ్శేరికి చెందినది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండునుండి తెప్పించిన 15 అంగుళముల దూరదర్శిని ఆ వేధశాలకు మూలధనము. తండ్రికి వృత్తియైనది కుమారునకు వ్యసనమైనది. కొన్ని తారల కాంతి కొంతకాలము హెచ్చి, కొంతకాలము తగ్గుచుండును. రాత్రివెంబడి రాత్రి వానిని పొరుగు చుక్కలతో పోల్చి, వెలుగును అంచనా కట్టి, లెక్క వ్రాసి ఉంచుకొనుట ఓర్పుతో కూడిన పని. బప్పు విద్యార్థి దశయందే ఆ పనికి పూనుకొనిరి. 1946 నాటికే ఆయన పరిశీలనలు వ్యాసరూపమున వెలువడినవి.

హైదరాబాదు ప్రభుత్వము వారి విద్యార్థి వేతనముతో 1949లో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము చేరిరి. చేరిన కొలది నెలలకే, జూలై 2వ తేదీ రాత్రి తీసిన ఛాయాచిత్రపు ఫలకముమీద ఒక వింత గీత ఆయన కంట బడినది. అది క్రొత్త తోకచుక్క. ఆచార్యుడు బాక్, సహాధ్యాయి న్యూకర్క్ దానిని ధ్రువపరచిరి. బప్పు-బాక్-న్యూకర్క్ అను పేరుతో అది ఖగోళ పట్టికలకెక్కినది. 1952లో డాక్టరేటు ముగిసినది. పిమ్మట కార్నెగీ సంస్థ వేతనముతో పాలొమార్ పర్వతమున మహాయంత్రముల నడుమ పనిచేయు భాగ్యము లభించినది. అచ్చట ఆలిన్ విల్సన్‌తో కలిసి ఆయన సాధించిన ఫలితము 1957లో ప్రకటితమైనది. నక్షత్రపు వర్ణపటములో కాల్షియము రేఖ నడుమ కనుపించు వెలుగుగీత వెడల్పును కొలిచినచో, ఆ నక్షత్రపు నిజకాంతి తెలియును; నిజకాంతి తెలిసినచో దూరము తెలియును. విల్సన్-బప్పు సూత్రమను పేరుతో అది శాస్త్రగ్రంథములలో నిలిచినది.

విదేశములో సర్వసౌకర్యములుండగా ఆయన స్వదేశమునకే మరలి వచ్చిరి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము 1954లో నెలకొల్పిన వేధశాలను నైనితాల్ కొండలకు చేర్చి, తీర్చిదిద్దిన ఘనత బప్పుదే. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతియైరి. సూర్య పరిశీలనకు ఆ స్థలము పేరుపడినది. రాత్రి ఆకాశమునకు వేరొక తావు కావలసివచ్చినది. వెదకి వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు గ్రామమును ఆయన ఎన్నుకొనిరి. భూమధ్యరేఖకు చేరువగుటచే దక్షిణాకాశములో చాల భాగము అచ్చటినుండి కనుపించును.

కావలూరులో 1968లో మొదట కన్ను తెరచిన యంత్రము 38 సెంటీమీటర్ల దూరదర్శిని. దానిని విదేశమునుండి కొనలేదు. కొడైకెనాల్ వేధశాల పెరటి కార్ఖానాలో చేసికొనిరి. ఇట్టి దూరదర్శినికి ప్రాణము దర్పణము. రెండు గాజు బిళ్ళల నడుమ ఇసుకవంటి కఠినమైన పొడిని, నీటిని వేసి, ఒకదానిమీద ఒకటి గంటలతరబడి రాయగా, పై బిళ్ళ క్రమముగా గుంట తేరును. పొడిని నానాటికి మెత్తనిదిగా మార్చుచు పోవలెను. తుదకు మెరుగు పెట్టవలెను. వెంట్రుక మందములో వేయవ వంతు దోషమున్నను నక్షత్ర బింబము చెదరును. తొందర పనికిరాదు. ఒక పూట అజాగ్రత్త ఎన్నో దినముల శ్రమను మంటగలుపును. ధనముతో యంత్రమును కొనవచ్చును గాని, ఈ చేతి నేర్పును కొనలేము. ఆ చిన్న దూరదర్శిని విలువ అంతయు ఇందులోనే యున్నది.

1972లో జర్మనీ దేశపు ఒక మీటరు దూరదర్శిని కావలూరు చేరినది. 1977లో యురేనస్ గ్రహము చుట్టు వలయములున్నవని తేలినపుడు కావలూరు పరిశీలనయు సాక్ష్యము పలికినది. అయినను ఆయన మనస్సు మరింత పెద్ద యంత్రముపైననే లగ్నమై యుండెను. 234 సెంటీమీటర్ల దర్పణమును బెంగుళూరులో, తాము తీర్చిన భారత ఖగోళ భౌతిక సంస్థయందే రాచి మెరుగు పెట్టవలెనని నిశ్చయించిరి. పెరటి కార్ఖానాలో అలవడిన నేర్పే ఈ సాహసమునకు పునాది. యంత్రాంగపు నిర్మాణము వాల్‌చంద్‌నగర్ కార్ఖానాలో జరిగినది.

1979లో అంతర్జాతీయ ఖగోళ సమితికి అధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ పదవినందిన ప్రథమ భారతీయుడాయనయే. 1981లో పద్మభూషణ బిరుదు లభించినది. ఉర్దూ కవిత్వమన్నను, చిత్రలేఖనమన్నను, తోటపని యన్నను ఆయనకు మిక్కిలి ప్రీతి. హృదయ శస్త్రచికిత్సానంతరము 1982 ఆగస్టు 19వ తేదీన మ్యూనిక్ నగరములో కన్ను మూసిరి. అప్పటికి వయస్సు 55 ఏండ్లు మాత్రమే. మహాయంత్రము ఇంకను పూర్తికాలేదు.

గురువు లేకున్నను శిష్యులు పని విడువలేదు. 1986 జనవరి 6వ తేదీన ఆ దూరదర్శిని ఆయన పేరనే జాతికి అంకితమైనది. తాను చూడదలచిన చుక్కలను ఆయన దానిలో చూడలేదు. చూడగల కన్నులను, చేయగల చేతులను మాత్రము తయారుచేసి పోయిరి. యంత్రములు పాతబడును. వానిని చేయగలమన్న ధైర్యము ఒక తరమునుండి మరియొక తరమునకు సంక్రమించును. బప్పు మిగిల్చిన ఆస్తి అది.