బడి తలుపు తెరిపించిన న్యాయవాది – థర్గుడ్ మార్షల్

అమెరికాలో నల్లజాతి ప్రజల పోరాటం అనగానే మనందరికీ మార్టిన్ లూథర్ కింగ్ గుర్తుకు వస్తారు. వీధుల్లో ఆయన నడిపిన ఉద్యమం ఎంత గొప్పదో, అంతకు ముందునుంచే కోర్టుల్లో థర్గుడ్ మార్షల్ నడిపిన పోరాటం కూడా అంత గొప్పది. ఆ పోరాటంలో పెద్ద భాగం బడి కోసం, చదువు కోసం జరిగింది. అందుకే ప్రభుత్వ హాస్టళ్ళలో ఉండి చదువుకునే మనం, చదువుకుని వెళ్ళిన మన సీనియర్లు ఆయన జీవితం తెలుసుకోవాలి.

బాల్యం, చదువు

మార్షల్ 1908 జూలై 2న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించారు. ఆయన ముత్తాత బానిస. తండ్రి విలియం రైళ్ళలో వడ్డన పని చేసేవారు. తరువాత తెల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశం ఉన్న ఒక క్లబ్బులో ఉద్యోగానికి కుదిరారు. తల్లి నార్మా బడిపంతులమ్మ. తండ్రికి పెద్ద చదువు లేకపోయినా కోర్టుకు వెళ్ళి వాదనలు వినడం సరదా. రాత్రి భోజనాల దగ్గర ఏ విషయం వచ్చినా పిల్లలతో వాదన పెట్టుకుని, ప్రతి మాటకూ రుజువు అడిగేవారు.

బడిలో మార్షల్ అల్లరి పిల్లవాడు. అల్లరి చేసినప్పుడు శిక్షగా అమెరికా రాజ్యాంగం చదివి అప్పజెప్పమనేవారట. అలా చదివి చదివి ఆయనకు రాజ్యాంగం కంఠస్థమైంది. అందరూ సమానమని పుస్తకంలో ఉంది. బయట మాత్రం తాగే నీళ్ళ దగ్గర నుంచి బడి వరకు అన్నీ వేరువేరు. ఎందుకిలా అన్న ప్రశ్న అప్పుడే ఆయనలో పుట్టింది.

డిగ్రీ అయ్యాక లా చదవాలనుకున్నారు. సొంత ఊళ్ళోనే మేరీలాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది. కానీ అందులో నల్లవారికి ప్రవేశం లేదు. చివరికి వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఫీజు కోసం తల్లి తన పెళ్ళి ఉంగరాలు తాకట్టు పెట్టింది. హాస్టల్ ఖర్చు భరించలేక రోజూ బాల్టిమోర్ నుంచి రైల్లో వెళ్ళి వచ్చేవారు. అక్కడ చార్లెస్ హ్యూస్టన్ అనే గురువు దొరికారు. సమాజాన్ని మార్చడానికి పనికిరాని వకీలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని ఆయన భావన. ఆ గురువు దగ్గర చదివి 1933లో మార్షల్ క్లాసులో మొదటి స్థానంలో పట్టా పుచ్చుకున్నారు.

మొదటి విజయం

1896లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సౌకర్యాలు సమానంగా ఉంటే, నల్లవారినీ తెల్లవారినీ వేరుగా ఉంచడం తప్పు కాదన్నది దాని సారాంశం. వేరుగా ఉంచడం అన్ని చోట్లా జరిగింది, సమానంగా చూడడం ఎక్కడా జరగలేదు.

తనకు తలుపు మూసిన అదే మేరీలాండ్ లా కాలేజీ మీద గురువుతో కలిసి మార్షల్ కేసు నడిపారు. డొనాల్డ్ ముర్రే అనే నల్లజాతి విద్యార్థి తరఫున 1935లో బాల్టిమోర్ కోర్టులో గెలిచారు. 1936లో రాష్ట్ర అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పును ఖాయం చేసింది. ఆ తరువాత నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి.లో చేరి, ఊరూరా తిరిగి పేదల కేసులు వాదించారు. 1946లో మన అంబేద్కర్, ఆ సంస్థలోనే ఉన్న డుబోయిస్ అనే మేధావికి ఉత్తరం రాశారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు పంపమని అందులో కోరారు.

ప్రాణం మీదికి వచ్చిన రాత్రి

1946లోనే టెనెస్సీ రాష్ట్రం కొలంబియా పట్టణంలో అల్లర్లు జరిగి, నల్లవాళ్ళ మీదే కేసులు పెట్టారు. మార్షల్ బృందం 25 మందిలో 23 మందిని నిర్దోషులుగా విడిపించింది. నవంబరులో మిగిలిన కేసు వాదించి తిరిగి వస్తుండగా పోలీసులు ఆయన కారు ఆపారు. తాగి నడిపాడని అబద్ధపు నేరం మోపి, ఆయనను తమ కారులో ఎక్కించుకుని ఊరి బయట నది వైపు తీసుకుపోయారు. ఆ రోజుల్లో అలా తీసుకుపోయిన నల్లవాళ్ళు చెట్టుకు శవాలై వేలాడేవారు. తోటి వకీళ్ళు వెళ్ళిపొమ్మన్నా వెళ్ళకుండా వెంబడించడంతో పోలీసులు వెనక్కి తిరగక తప్పలేదు. మేజిస్ట్రేటు ఆయన నోటి వాసన చూసి, తాగలేదని తేల్చి వదిలేశాడు.

అందరికీ ఆ అదృష్టం లేదు. ఫ్లోరిడాలో అదే సంస్థ నాయకుడు హ్యారీ మూర్, ఆయన భార్య హ్యారియెట్ నిద్రిస్తున్న ఇంటి కింద 1951 క్రిస్మస్ రాత్రి బాంబు పేలింది. ఇద్దరూ చనిపోయారు.

బస్సు అడిగిన తల్లిదండ్రులు

దక్షిణ కరోలినాలోని క్లారెండన్ అనే ప్రాంతంలో తెల్లపిల్లలకు బస్సులుండేవి, నల్లపిల్లలు మైళ్ళకొద్దీ నడిచేవారు. ఏడాదికి తెల్లపిల్లవాడి చదువుకు 179 డాలర్లు ఖర్చు చేస్తే, నల్లపిల్లవాడికి 43 డాలర్లు. తల్లిదండ్రులు మొదట అడిగింది ఒక బస్సు మాత్రమే. అదీ ఇవ్వలేదు. చివరికి సమాన బడులు కావాలని అర్జీ పెట్టారు. మొదటి సంతకం చేసిన హ్యారీ బ్రిగ్స్ పెట్రోలు బంకులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయన భార్య పని కూడా పోయింది. వాళ్ళకు అండగా నిలిచిన పాస్టరు డిలైన్ ఇల్లు తగలబడింది, తరువాత చర్చి కూడా తగలబడింది.

ఈ కేసుతో కలిపి మొత్తం ఐదు కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి. వేరు చేయడమే పిల్లల మనసులో తాము తక్కువ అనే భావం నాటుతుందని మార్షల్ వాదించారు. క్లార్క్ దంపతులు బొమ్మలతో చేసిన పరిశోధనను ఆధారంగా చూపించారు. అందులో ఎక్కువమంది నల్లపిల్లలు తెల్లబొమ్మే మంచిదని అన్నారు. 1954 మే 17న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. బడుల్లో వేరుచేత రాజ్యాంగ విరుద్ధమన్నారు.

తీర్పు వచ్చినా తలుపు తెరుచుకోలేదు

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటే పొరపాటు. తీర్పు ఎప్పటిలోగా అమలు చేయాలో కోర్టు గడువు పెట్టలేదు. దక్షిణాదిలో దాన్ని అడ్డుకోవడానికి సిటిజన్స్ కౌన్సిళ్ళు వెలిశాయి. కు క్లక్స్ క్లాన్ వాళ్ళు ముసుగులు వేసుకుని రాత్రిపూట భయపెడితే, కౌన్సిళ్ళ వాళ్ళు కోటు వేసుకుని పగటిపూట ఉద్యోగాలు పీకించారు. 1956లో 101 మంది పార్లమెంటు సభ్యులు తీర్పును వ్యతిరేకిస్తూ ప్రకటన మీద సంతకాలు చేశారు. తీవ్రవాదం మూకల్లోనే పుట్టదు, పదవుల్లో ఉన్నవాళ్ళు వత్తాసు పలికినప్పుడు బలపడుతుంది.

1957 సెప్టెంబరులో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు హైస్కూల్లో చేరబోతే, గవర్నరే సైనికులను పెట్టి ఆపించాడు. అప్పుడు అధ్యక్షుడు ఐసన్‌హోవర్ వెయ్యి మందికి పైగా సైన్యాన్ని పంపి, ఆ పిల్లలను బడిలోకి నడిపించారు. గవర్నరు చేతిలో ఉన్నదీ ప్రభుత్వమే, అధ్యక్షుడి చేతిలో ఉన్నదీ ప్రభుత్వమే. ఒకటి తలుపుకు అడ్డం నిలిచింది, మరొకటి తెరిపించింది. మరుసటి ఏడాది ఆ కేసు కూడా మార్షలే వాదించి గెలిచారు.

అయినా తీర్పు వచ్చిన పదేళ్ళకు, 1963-64లో, దక్షిణాది 11 రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఇద్దరు కూడా లేరు. 1964లో, సరిగ్గా మార్షల్ పుట్టినరోజైన జూలై 2న, అధ్యక్షుడు జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం చేశారు. వివక్ష పాటించే బడులకు కేంద్ర నిధులు ఆగిపోతాయన్నది ఆ చట్టం. నిధుల మాట వచ్చేసరికి బడులు కదిలాయి. 1970ల ఆరంభానికి దక్షిణాది నల్లపిల్లల్లో మూడింట ఒక వంతు తెల్లవారు ఎక్కువగా ఉన్న బడుల్లోనే చదువుతున్నారు.

న్యాయమూర్తిగా

1960లో కెన్యా రాజ్యాంగ చర్చలకు మార్షల్ సలహాదారుగా లండన్ వెళ్ళారు. అక్కడ స్థిరపడిన భారతీయ సంతతి వారితో సహా మైనారిటీలందరి హక్కులకూ రక్షణ ఉండాలని ముసాయిదా రాశారు. గెలిచిన ఆఫ్రికన్లు ఓడినవాళ్ళను తొక్కకూడదన్నది ఆయన పట్టుదల. 1967లో జాన్సన్ ఆయనను సుప్రీంకోర్టుకు నియమించారు. ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి ఆయనే. సెనేటులో 69 మంది అనుకూలంగా, 11 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు.

1978లో కాలేజీ సీట్లలో నల్లవారికి ప్రత్యేక అవకాశం తప్పని వాదన వచ్చినప్పుడు, వందల ఏళ్ళు వెనక్కి నెట్టిన ప్రభుత్వమే ఇప్పుడు ముందుకు తెచ్చే బాధ్యత కూడా తీసుకోవాలని ఆయన తీర్పు రాశారు. 1991లో పదవీ విరమణ చేసి, 1993 జనవరి 24న 84వ ఏట కన్నుమూశారు. తనకు ప్రవేశం లేని మేరీలాండ్ లా కాలేజీ గ్రంథాలయానికి ఈనాడు ఆయన పేరే ఉంది. అయితే 2023లో అదే సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టివేసింది. ఒకసారి గెలిచిన హక్కు ఎప్పటికీ ఉంటుందని నమ్మకం లేదు.

మిత్రులారా, అంటరానితనం రద్దయిందని మన రాజ్యాంగం 1950లోనే చెప్పింది. అయినా ఆ తరువాత దశాబ్దాల పాటు హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. జీవో వచ్చినంత మాత్రాన మెస్ చార్జీలు కంచంలోకి రావు. చట్టం ఉండాలి, దాన్ని అమలుచేసే ప్రభుత్వం ఉండాలి, అడిగే మనం కూడా ఉండాలి. ఉద్యోగం పోతుందని తెలిసీ అర్జీ మీద మొదటి సంతకం చేసిన హ్యారీ బ్రిగ్స్ లేకపోతే, మార్షల్‌కు వాదించడానికి కేసే ఉండేది కాదు. మనలో కొందరైనా మార్షల్‌లా న్యాయశాస్త్రం చదవాలి. మిగిలిన అందరం బ్రిగ్స్‌లా సంతకం చేయడం నేర్చుకోవాలి.