పాత లారీకి కొత్త ఇంజన్: ఫ్రాంక్ పెర్కిన్స్ జీవితం

చందనవెల్లి పొలాలను దున్నిన ట్రాక్టర్లను, చేవెళ్ళ, మొయినాబాద్‌ల మీదుగా హైదరాబాదుకు కూరగాయలు చేరవేసిన లారీలను మనమందరం ఎరుగుదుము. అటువంటి ఇంజన్లలో అనేకముల వెనుక ఒక ఆంగ్లేయుని పేరున్నదని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. ఆయన ఫ్రాంక్ పెర్కిన్స్. పాఠ్యపుస్తకాలు రుడాల్ఫ్ డీజిల్‌ను స్మరిస్తాయి. పెర్కిన్స్‌ను స్మరించేవారు మిస్త్రీలు. ఆ లోటు కొంత తీర్చదలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పెర్కిన్స్ 1889లో ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణంలో జన్మించారు. వ్యవసాయ యంత్రాలు, రోడ్డు రోలర్లు తయారుచేసే బార్‌ఫోర్డ్ అండ్ పెర్కిన్స్ సంస్థ వారి కుటుంబానిది. కేంబ్రిడ్జిలో చదివి, మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యపు ఇంజనీర్ల దళంలో పనిచేసి, ఆయన తిరిగి యంత్రాల నడుమకే వచ్చారు. కాలక్రమాన కుటుంబ సంస్థ ఒక పెద్ద కంపెనీల కూటమిలో కలిసింది. ఆర్థికమాంద్యపు దెబ్బకు 1932లో ఆ కూటమే కూలిపోయింది. అప్పటికి ఆయన వయస్సు నలుబది మూడేండ్లు. చిన్ననాటి నుండి నమ్ముకొన్న నీడ లేకుండా పోయింది. అయినను అదే సంవత్సరం జూన్ నెలలో, చార్లెస్ చాప్‌మన్ అనే ప్రతిభావంతుడైన ఇంజనీరును తోడు చేసుకొని, సొంత ఊరిలోనే ఒక చిన్న కార్ఖానా తెరిచారు. కార్ఖానాలు వరుసగా మూతపడుతున్న రోజులవి!

నాటికి డీజిల్ ఇంజన్ అనగా మహా బరువు, మహా నిదానం. చిన్న లారీలన్నీ పెట్రోలుతోనే నడిచేవి. పెట్రోలు ఇంజన్ కూర్చున్న చోటనే కూర్చోగల తేలికైన, వేగంగా తిరిగే డీజిల్ ఇంజన్‌ను నిర్మించాలన్నది పెర్కిన్స్ సంకల్పం. లారీ యజమాని బండిని పారవేయనక్కరలేదు. చాసిస్, క్యాబిన్, చక్రాలు అట్లే ఉంటాయి, ఇంజన్ మాత్రమే మారుతుంది. డబ్బు కరవైన కాలానికి ఇంతకు మించిన ఆలోచన లేదని మా అభిప్రాయం.

ఇది చెప్పినంత సులువు కాదు. పెట్రోలును నిప్పురవ్వ మండిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో గాలిని దాదాపు పదహారో వంతుకు కుదించగా పుట్టే వేడిమికే ఇంధనం మండుతుంది. ఆ ఒత్తిడికి ఓర్చుకొనుటకు ఇంజన్ దిట్టంగా ఉండాలి. దిట్టమైన కొద్దీ బరువు పెరిగి ముందరి కమాను పట్టీలు క్రుంగుతాయి. గేరు పెట్టె కొత్త ఇంజన్‌తో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. పైగా డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ వలె అధికంగా తిరగదు. వెనుక ఇరుసు పళ్ళ నిష్పత్తి మార్చకపోతే బండి వేగం తగ్గుతుంది.

పెర్కిన్స్ తన తొలి ఇంజన్లకు ఆడనక్క, తోడేలు, చిరుతపులి అనే అర్థాలు గల ఆంగ్ల నామాలు పెట్టారు. ఇంజన్లకు ఇంత వన్యమృగ సంతతి ఎందుకో మాకు బోధపడలేదు! 1935లో బ్రూక్లాండ్స్ పందెపు బాటపై ఆయన ఇంజన్ అమర్చిన కారు డీజిల్ వాహనాల వేగంలో ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. 1937లో వెలువడిన ఆరు సిలిండర్ల పి-6తో ఆయన సంకల్పం నెరవేరింది. బెడ్‌ఫోర్డ్, డాడ్జ్, ఫోర్డ్ వంటి పెట్రోలు లారీలెన్నింటికో అది కొత్త ప్రాణం పోసింది.

మన దేశానికి ఆ ఇంజన్ మద్రాసు మీదుగా వచ్చింది. రెండవ యుద్ధానంతరం సైన్యం వదిలించుకొన్న పెట్రోలు లారీలు ఎన్నో సరుకు రవాణాలో దిగాయి. పెట్రోలు ఖర్చు భరించలేని యజమానులు డీజిల్ వైపు చూశారు. 1950ల దశకంలో మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ ఇంజన్లను ఇక్కడనే తయారుచేయసాగింది. ఇంజన్‌ను గొలుసు కప్పీతో పైకెత్తి, దిమ్మెలు కోసి, పట్టీలు అతికి పాత బండిలో నిలబెట్టిన ఉస్తాదులు కళాశాల మెట్లెక్కినవారు కారు. వారి నేర్పు లేనిదే పీటర్‌బరో ఇంజన్ మన రోడ్డెక్కేది కాదు.

1959లో పెర్కిన్స్ సంస్థను ట్రాక్టర్ల సంస్థ మాసీ ఫెర్గూసన్ కొన్నది. మరుసటి ఏడు మద్రాసులో టాఫే సంస్థ వెలిసింది. సింప్సన్ ఇంజన్లు దాని ట్రాక్టర్లలోకి చేరి పల్లెలకు వచ్చాయి. ఫ్రాంక్ పెర్కిన్స్ 1967లో కన్నుమూశారు.