అల్పాయువు, అక్షయ కృషి: జేమ్స్ జెస్సిమన్

సీలేరు లోయలోని 240 మెగావాట్ల ఎగువ సీలేరు జలవిద్యుత్కేంద్రాన్ని చూచినపుడు మన కంటికి కాంక్రీటు, ఇనుము మాత్రమే కనబడతాయి. కాని ఏ కట్టడమైనా ముందుగా గీతలలో నిలిచిన తరువాతనే నేలపై నిలుస్తుంది. ఈ సూత్రాన్ని పిల్లలాడుకొనే బొమ్మ ఇటుకలకు అన్వయించి, కంప్యూటరు తెరపై నమూనాలు నిర్మించే మార్గం చూపిన యువకుడు జేమ్స్ జెస్సిమన్.

ఆయన ఆస్ట్రేలియా దేశస్థుడు, 1971లో జన్మించారు. ఒకదానిపై ఒకటి బిగించి ఇండ్లు, వాహనాలు, వంతెనలు కట్టుకొనే ప్లాస్టిక్ ఇటుకలకు డెన్మార్క్ దేశపు లెగో సంస్థ 1958లో నేటి రూపాన్నిచ్చింది. ఆ ఇటుకలపై మక్కువ, కంప్యూటరు విద్యలో నేర్పు, ఈ రెండింటి కలయికయే జెస్సిమన్ కృషికి మూలం.

ఇటుకలు కొనడానికి ధనం కావాలి. కట్టిన నమూనాను విప్పివేస్తే దాని జాడ మిగలదు. ఈ రెండు లోపాలకూ పరిష్కారంగా ఆయన 1995లో ‘ఎల్‌డ్రా’ అనే ప్రోగ్రామును రచించారు. దానికి తోడుగా ఇటుకలను కూర్చుటకు ‘ఎల్‌ఎడిట్’ను సమకూర్చారు. ఆనాటి సాధారణ డాస్ కంప్యూటర్లపై నడిచే ఈ సాధనాలను ఎవరివద్దనూ రుసుము గైకొనక అందరికీ పంచిపెట్టారు.

ఆయన పద్ధతి మిక్కిలి సరళమైనది. ఇటుకపై ఒక బొడిపె నడుమ నుండి ప్రక్క బొడిపె నడుమకు 20 ప్రమాణాల దూరం. ఇటుక ఎత్తు 24 ప్రమాణాలు. పలుచని పలక ఎత్తు 8. కావున మూడు పలకలు పేర్చితే ఒక ఇటుక ఎత్తవుతుంది. నమూనాలోని ఒక్కొక్క ఇటుకకు ఒక్కొక్క పంక్తి: దాని రంగు, స్థానం, అది తిరిగియున్న దిశ, దాని సంఖ్య. ఇటుకలోని బొడిపెను ఒక్కసారి గీచి, కావలసినన్ని మార్లు వాడుకోవచ్చును. ఇదంతయు ఎవరైనా చదువదగిన సాదా అక్షరాలలో, అంకెలలోనే ఉంటుంది.

1997 జూలై 25న జెస్సిమన్ ఇన్‌ఫ్లూయెంజా వ్యాధితో అకాల మరణం పొందారు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు మాత్రమే. నిర్మాత పోయిన పిదప నిర్మాణం కూలిపోవడం లోకంలో తరచుగా జరిగేదే. ఇక్కడ అట్లు జరుగలేదు. ఆయన వ్రాసిన తీరు అందరికీ బోధపడేది గనుక, ముఖపరిచయమైనా లేని అభిమానులు దేశదేశాలలో ఒక్కొక్క భాగాన్ని కొలిచి, గీచి, ఆ భాండాగారానికి చేర్చారు. నేడందులో వేలాది భాగాలున్నాయి. ఎమ్మెల్‌క్యాడ్, లియోకాడ్ వంటి నూతన ప్రోగ్రాములు ఆ పద్ధతినే అనుసరించాయి. ఆయన పేరిట ఒక స్మారక పురస్కారం కూడ నెలకొన్నది. లెగో సంస్థ 2004లో వెలువరించిన స్వంత డిజైను ప్రోగ్రాము 2022లో నిలిచిపోగా, జెస్సిమన్ నాటిన పద్ధతి మాత్రం నేటికీ సజీవం.

విద్యార్థి మిత్రులారా! ఆయన ప్రోగ్రామును రచించినప్పటి వయస్సు ఇంచుమించు మన వయస్సే. ఆయన వాడిన అంకెలకు భాషాభేదం లేదు. ఉర్దూ చదివినవారికి, తెలుగు చదివినవారికి అవి ఒక్కటే. మనం ప్రయోగశాలలో వ్రాసే లెక్కగాని, గీచే పటంగాని, మన తరువాత వచ్చే తమ్ముడో చెల్లెలో అందుకొని కొనసాగించగల తీరున ఉన్నదా అని ఒక్కసారి పరిశీలించుకొందుము గాక! ఆ అల్పాయుష్కునికి మనమర్పించదగిన నివాళి అదియే.